పరుల శిశువును మోయు తల్లి

సుమారు 5,000 మంది ఆడుబిడ్డలలో నొకతె గర్భాశయము లేకయే జన్మించును. అండాశయములు సక్రమముగా పనిచేయుచుండుటచే యౌవనలక్షణములన్నియు యథాకాలమున నేర్పడును గనుక, పదునారేండ్లు దాటినను పుష్పవతి కాలేదని తల్లి వైద్యునికడకు గొనిపోవునంతవరకు ఆ సంగతి యెవ్వరికిని దెలియదు. ఆమెకు అండము గలదు. శిశువును మోయుటకు తావు లేదు. కాన్పునందు రక్తస్రావ మాగక ప్రాణరక్షణార్థము గర్భసంచి తీసివేయబడినవారును, గుండెజబ్బు కారణముగా గర్భము ధరింపరాదని వైద్యులు వారించినవారును ఇట్టి దుఃఖమునే యనుభవించుచున్నారు. ప్రసవవేదనకు వెఱచియే స్త్రీలు సరోగసీని, అనగా తమ శిశువును వేఱొక స్త్రీచే మోయించుటను, ఆశ్రయింతురని లోకమున వినవచ్చు నింద వీరియెడ మిక్కిలి క్రూరమైనది.

1978లో ఇంగ్లండునందు ఎడ్వర్డ్సు, స్టెప్టోలు శరీరము వెలుపల ఫలదీకరించిన యండమునుండి శిశూదయమును సాధించిన పిమ్మటనే వీరికి మార్గమేర్పడెను. భార్య యండమును, భర్త శుక్రకణమును ప్రయోగశాలలో గలిపి, కొలది దినములు పెంచిన పిండమును, హార్మోనులచే ముందుగా సిద్ధపరచిన వేఱొక స్త్రీ గర్భాశయమున నిలుపుదురు. గర్భమునకు వలయు ప్రొజెస్టెరాను అను హార్మోనును మాయ తానే తయారుచేయు వఱకు, వారములతరబడి, ఆమె యా మందును వాడవలెను. పెక్కుచోట్ల అది ప్రతిదినము పిరుదున లోతుగా గ్రుచ్చు సూది.

నన్ను విస్మయపఱచునది దాని తరువాతి ఘట్టము. సామాన్యగర్భమున శిశువు జన్యువులలో సగము తల్లివి. ఇచ్చట మోయు స్త్రీనుండి వచ్చినది ఒక్కటియు లేదు. పరుల మూత్రపిండమును మందులు లేకున్న తిరస్కరించు శరీరము పరుల శిశువును తొమ్మిదినెలలు ఎట్లు భరించును? మాయ ప్రధానముగా పిండమునుండి పుట్టునది. తల్లి కణజాలములోనికి చొచ్చుకొనిపోవు దాని కణములు, పరత్వమును చాటు సామాన్యచిహ్నములను మఱుగుపఱచి, హెచ్.ఎల్.ఏ.-జి అను ప్రోటీనును ప్రదర్శించి, అచటి రక్షకకణములను శాంతింపజేయును. ఆ రక్షకకణములే పిదప రక్తనాళములను విశాలము చేయుటకు దోడ్పడును. అయినను, స్వీయాండముచే గలిగిన గర్భములకంటె పరాండగర్భములలో ప్రమాదకరమైన రక్తపుపోటు హెచ్చుగా గానవచ్చుచున్నది.

ఇంతటి భారమును స్త్రీ యేల వహించును? 2004లో గుజరాతునందలి ఆనందు పట్టణమున నొక తల్లి, తన కుమార్తె కవలలను తానే మోసి కనెను. అనంతరకాలమున అదే పట్టణమున ఇతరుల బిడ్డలను మోసిన స్త్రీలనడుమ మెలగి వ్రాసిన సామాజికశాస్త్రజ్ఞురాలు అమృతా పాండే, ఇల్లు, అప్పు, పిల్లల చదువు వారిని ఆ దారికి దెచ్చినవని తెలిపెను. బ్రిటనునందు 34 మందిని విచారించి 2003లో ప్రకటించిన పరిశోధనలోనో, సంతులేని దంపతులకు తోడ్పడవలెనను కోరికయే పదింట తొమ్మిదిపాళ్లు వినవచ్చెను; ధనమును పేర్కొన్నది ఒక్కతెయే. దయయు, దారిద్ర్యమును ఒకే గర్భమును మోయింపగలవు. ఒకదానిని పొగడి రెండవదానిని తూలనాడుట నాకు సమ్మతము గాదు.

మన దేశపు 2021 సరోగసీ శాసనము ప్రతిఫలమును నిషేధించి, తన బిడ్డను గన్న, 25–35 ఏండ్లనడుమనున్న స్త్రీకి, జీవితమున నొక్కసారి మాత్రమే, వైద్యవ్యయముతోడను 36 నెలల బీమాతోడను అనుమతి నొసగినది. ధనాశ చూపి పేదరాలిని లోగొనుట దీనిచే తగ్గునేమో గాని, మోసిన శ్రమకు మూల్య మీయరాదనుటలో న్యాయము నాకు గోచరింపదు. దుష్ఫలితములన్నియు ముందుగా దెలిపి, ఆమెకు దెలిసిన భాషలోనే వ్రాతపూర్వకముగా సమ్మతి గైకొనవలెనను నియమము మాత్రము మేలైనది. పిండమును నిలుపుటకు పూర్వ మెప్పుడైనను ఆమె యా సమ్మతిని మఱల తీసికొనవచ్చును.