చిన్న ఏనుగుకు వయసొచ్చింది

పాత పికప్‌ రోజూ పనికి రావాలంటే అదృష్టం చాలదు, క్రమశిక్షణ కావాలి. అయితే చట్టం బండి ఆరోగ్యంతో పాటు వయసునూ లెక్కపెడుతోంది.

తెల్లవారుజామున మార్కెట్‌ నుంచి టమాటా బాక్సులతో బయల్దేరిన బండి దారిలో ఆగిపోతే యజమానికి పోయేది ఆ రోజు బాడుగ ఒక్కటే కాదు. సరుకు వాడిపోతుంది. దుకాణదారు మర్నాటి నుంచి మరో బండిని మాట్లాడుకుంటాడు. డ్రైవరూ ఓనరూ తానే అయినవాడికి పాత పికప్‌ను నమ్మకంగా నడుపుకోవడం సరదా కాదు, బతుకుదెరువు.

ఈ బతుకుల్లో చాలావాటికి చక్రాలు తొడిగింది టాటా ఏస్‌. 2005 మేలో మార్కెట్లోకి వచ్చిన ఈ బండిలో ఉన్నది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్‌ ఇంజను. శక్తి 16 హార్స్‌పవర్‌. మూడు చక్రాల ట్రాలీ కంటే నిలకడగా ఉండేది, లారీ దూరలేని సందుల్లో దూరేది. ఉత్తరాదివాళ్లు 'ఛోటా హాథీ' అని పేరు పెట్టేశారు. తొలి ఏస్‌లకు 2020లోనే పదిహేనేళ్లు నిండాయి.

వాటి దీర్ఘాయుష్షు రహస్యం సరళత్వమే. తొలి తరం ఇంజన్లకు డీజిల్‌ అందించేది మెకానికల్‌ పంపు. లోపం కనిపెట్టడానికి ల్యాప్‌టాప్‌ అక్కర్లేదు, అనుభవమున్న మెకానిక్కు చెవి, చేతిలో పానా చాలు. అయితే మరమ్మతు సులువు కావడం వేరు, మరమ్మతు అవసరం రాకుండా చూసుకోవడం వేరు.

మొదటి శత్రువు వేడి. చిన్న ఇంజను, పెద్ద బరువు, ఎండాకాలం. రేడియేటర్లో ఏళ్ల తరబడి కుళాయి నీళ్లు పోస్తే తుప్పు, సున్నం పేరుకుని దారులు మూసుకుపోతాయి. ఆపైన హెడ్‌ గాస్కెట్‌ పోతుంది. కూలెంట్‌ వాడటం, పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టాన్నీ, ఫ్యాన్‌ బెల్టునూ తెగకముందే మార్చడం ఇంజను పని చేయించడంతో పోలిస్తే చిల్లర ఖర్చు. డీజిల్‌ ఫిల్టర్లో చేరిన నీటిని వదిలెయ్యాలి. దుమ్ము పట్టిన ఎయిర్‌ ఫిల్టర్‌ నల్ల పొగకు తొలి కారణం. బ్రేక్‌ ఆయిల్‌ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్‌ ఘాట్‌ దిగేటప్పుడు మరిగి, పెడల్‌ ఒక్కసారిగా కిందికి జారిపోవచ్చు. అందుకే రెండేళ్లకోసారి దాన్ని మార్చాలి. వీటన్నిటి తేదీలూ, కిలోమీటర్లూ రాసుకునే రెండు రూపాయల పుస్తకం కూడా పనిముట్టే.

బరువే అసలు జబ్బు

తొలి ఏస్‌ మోయదగ్గ బరువు 750 కిలోలు. బాడుగల పోటీలో ఆ గీత దాటడం మామూలైపోయింది. దానికోసం కమాన్‌ కట్టలకు అదనపు పట్టీలు వేయిస్తారు. బండి వంగదు కనుక భరిస్తోందనిపిస్తుంది. కానీ పట్టీలు పెరిగినంత మాత్రాన బ్రేకులు, ఇరుసు, చాసిస్‌ బలపడవు. ఇంజన్‌ను మార్చుకోవచ్చు. చాసిస్‌ తుప్పుపట్టి పగిలిందంటే మాత్రం ఆ బండిని పక్కన పెట్టాల్సిందే.

ఇంత చేసినా యజమాని చేతిలో లేనిది ఒకటుంది. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఎఫ్‌సీ తప్పనిసరి. 2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానం ఫిట్‌నెస్‌ పరీక్షనే గీటురాయి చేసింది. ఢిల్లీ తీరు వేరు. పదేళ్లు దాటిన డీజిల్‌ వాహనాలను జాతీయ హరిత ట్రిబ్యునల్‌ 2015లో నిషేధించింది, 2018లో సుప్రీంకోర్టు బలపరచింది. 2025 జులైలో అలాంటి వాహనాలకు బంకుల్లో ఇంధనం ఆపేసి, విమర్శలతో రోజుల్లోనే వెనక్కి తగ్గారు. వయసు ఒక్కటే కారణంగా కఠిన చర్యలొద్దని ఆగస్టులో అన్న సుప్రీంకోర్టు, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్‌-4, ఆపై వాహనాలకే పరిమితం చేసింది. తొలి ఏస్‌లకు అందులో చోటు లేదు.

ఊపిరాడని నగరం బాధ నిజం. పాత డీజిల్‌ పొగ ఎంత బాగా చూసుకున్నా కొత్త ఇంజన్ల స్థాయికి తగ్గదు. అయితే బండిని తుక్కుకిస్తే కొత్త రవాణా వాహనం రోడ్డు పన్నులో 15 శాతం వరకు దక్కే రాయితీ, కిస్తీల భారాన్ని మోయలేని ఒంటరి యజమానికి ఊరట కాదు. అంతవరకు అతను చేయగలిగింది ఒక్కటే. బండి తీసే ముందు బానెట్‌ కాదు, సీటు ఎత్తి చూడటం. ఈ ఏనుగు గుండె ఉన్నది అక్కడే.