బోరు నీళ్లలో సబ్బు ఎందుకు నురగదు?

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో, తుంగభద్ర ఒడ్డున ఉంది కెంచనగుడ్డ. ఆ ప్రాంతమంతా నల్లరేగడి. ఇలాంటి నేలల్లో సున్నపురాళ్ల ముక్కలు కలిసి ఉంటాయి. ఇంకే వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కాస్త ఆమ్లగుణం పొందుతుంది, ఆ సున్నాన్ని కరిగించుకుంటూ దిగుతుంది. అలా కాల్షియం, మెగ్నీషియం లవణాలు చేరిన నీరే కఠిన జలం; బోర్లలో వచ్చేది అదే.

సబ్బు ముందు ఈ లవణాలతో కలిసి జిడ్డు తెట్టుగా విరుగుతుంది. అవి అయిపోయాకే నురగ. కందిపప్పూ తొందరగా ఉడకదు. నీళ్లు కాగితే బైకార్బనేట్ విడిపోయి, కాల్షియం కార్బనేట్ గిన్నె అడుగున తెల్లటి గారగా పేరుకుంటుంది. గీజరు కాయిల్‌కు పట్టేదీ అదే. కరెంటు ఖర్చు పెరుగుతుంది. గార మీద నిమ్మరసం పిండి చూడండి, బుసబుస పొంగుతూ కరుగుతుంది.

తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే నీరు దొరకనిచోట 600 దాకా ఫర్వాలేదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది.