చెంచాడు మందు

గౌతమీ వసిష్ఠ నదీశాఖల నడుమ, బంగాళాఖాతపు టొడ్డున నున్న పచ్చని సీమ కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ఈ సీమలోనివే. 1852వ సంవత్సరమున ధవళేశ్వరము కడ ఆనకట్ట నిర్మాణము పూర్తియైన పిమ్మట గోదావరి జలములు కాలువల వెంట పొలములకు పారి, ఈ నేలను అన్నపూర్ణగా మార్చినవి. ఎటు చూచినను వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు కనులకు విందు చేయును. పెరటిలో మునగచెట్టు, పాకపై గుమ్మడితీగ పల్లెలలో తరచుగ కనబడును.

ఇట్టి సీమలో పసిబిడ్డలకు పోషణలోప మేమని ఎవరైనను ఆశ్చర్యపడవచ్చును. కాని ఆకలి రెండు విధములు. మొదటిది కడుపు ఆకలి. దానిని బిడ్డ ఏడ్చి తెలుపును. రెండవ ఆకలికి నోరు లేదు. కడుపునిండ అన్నము తినిన బిడ్డయందును అది దాగియుండగలదు. మరపట్టిన తెల్లని బియ్యములో ఏ-విటమిను లేదు. పాలు, గ్రుడ్డు, ఆకుకూర యెరుగక చారన్నముతోనే పెరుగు బిడ్డకు ఈ విటమిను కొరవడును.

ఈ విటమినును అమెరికా శాస్త్రజ్ఞులు 1913వ సంవత్సరమున కనుగొనిరి. మసక వెలుతురులో చూచుటకు కంటికి కావలసిన పదార్థము దీనినుండియే తయారగును. కంటిపొరలను తడిగా నుంచుటకును, రోగములను ఎదుర్కొనుటకును ఇది మిక్కిలి యవసరము. ఇది తగ్గినచో మొదట రేచీకటి కలుగును. పగలంతయు చక్కగా ఆడుకొనిన బిడ్డ సంజవేళ గడప తట్టుకొని పడును; కంచములోని ముద్దకై తడుముకొనును. పిమ్మట తెల్లగ్రుడ్డుపై నురుగువంటి మచ్చలేర్పడును. అప్పటికిని చికిత్స జరుగనిచో నల్లగ్రుడ్డు మెత్తబడి, చూపు శాశ్వతముగ పోవును. తట్టుగాని, విరేచనములుగాని తోడైనచో ప్రాణమునకే ముప్పు.

ఈ కీడును తొలగించు ఉపాయమును కనుగొనుటలో తెలుగునేలకు గొప్ప భాగము కలదు. 1918వ సంవత్సరమున కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను. డాక్టరు గోపాలన్ నాయకత్వమున అచటి శాస్త్రజ్ఞులొక సంగతిని ఆధారముగ గొనిరి. ఏ-విటమినును మన కాలేయము నిలువచేసికొనగలదు. ధాన్యమును గాదెలో పోసి నెలల తరబడి వాడుకొనునట్లు, ఒక్కమారు త్రాగించిన మందును శరీరము ఆరునెలలపాటు కొంచెము కొంచెముగ వాడుకొనును. ఈ సూత్రముపై ఆధారపడి 1970లో భారత ప్రభుత్వము పసిపిల్లల అంధత్వ నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. తొమ్మిదవ నెలలో తట్టు టీకాతోపాటు ఒక లక్ష యూనిట్లు, అటుపిమ్మట ఐదేండ్లు నిండువరకు ఆరునెలల కొకమారు రెండు లక్షల యూనిట్లు త్రాగింతురు. మొత్తము తొమ్మిది మోతాదులు. ఒక్కొక్క మోతాదు చిన్న చెంచాడు మాత్రమే. తల్లిదండ్రులు దీనికై పైసా చెల్లింప నక్కరలేదు.

మందు కలదు; ఉచితముగ దొరకును. అయినను ప్రతి బిడ్డకును తొమ్మిది మోతాదులు అందుట సులభము కాదు.

మొదటి ఆటంకము నేల స్వభావమే. గోదావరిపాయల నడుమ అనేక లంకగ్రామములు కలవు. కొన్నింటికి పడవయే దారి. వరదకాలమున ఆ దారియు మూసికొనును. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన పెద్దవరదలలో లంకలు జలమయములైనవి. మందు వేయవలసిన దినములు వరదలో గడచిపోయినచో, పిమ్మట వెదకి త్రాగించువారు లేనియెడల ఆ మోతాదు తప్పినట్లే.

రెండవది తల్లుల తీరికలేమి. కూలికి పోనిదే పొయ్యి రాజని యిండ్లలో, ఉపకేంద్రమునకు పోయి వచ్చుట యనిన ఒక దినపు కూలి పోగొట్టుకొనుటయే. మరియు ఈ సీమనుండి స్త్రీలనేకులు ఇంటిపనులకై కువైట్ మొదలగు దూరదేశములకు పోవుచున్నారు. వారి బిడ్డలు అమ్మమ్మల యొద్ద పెరుగుదురు. బిడ్డకు ఏ మోతాదు ఎప్పుడు పడెనో తెలుపు కార్డు ఎచ్చటనున్నదో ఆ వృద్ధురాలికి తెలియకపోవచ్చును.

మూడవది కంటికి కనబడని కీడుపట్ల మనుష్యుల ఉదాసీనత. “పిల్లవాడు చక్కగా ఆడుకొనుచున్నాడు. వీనికి మందెందుకమ్మా?” అని అమ్మమ్మ అడుగును. జ్వరము వచ్చినపుడు మందు కోరుట సహజము; రాకమునుపే కోరుట నేర్చుకొనవలసిన విద్య. తట్టు టీకాతో తొలి మోతాదు పడును. పిమ్మట టీకాలు అరుదగుటచే తల్లులు ఉపకేంద్రమునకు పోవుట మానుదురు. తక్కిన మోతాదులు మరుగున పడును.

నాలుగవది భయము. 2001వ సంవత్సరమున అస్సాములో ఈ మందు త్రాగిన పిదప కొందరు పిల్లలు అస్వస్థులైరను వార్త వ్యాపించి తల్లులను కలవరపెట్టెను. అక్కడ వాడుకలోనున్న చెంచాకు మారుగ పెద్ద కొలతగిన్నె వాడబడెను. మందు మేలు చేయునదే. కాని కొలత తప్పరాదు. కావుననే దీనిని శిక్షణ పొందినవారే త్రాగింపవలెను. ఒకరిద్దరు పిల్లలకు వాంతియో తలనొప్పియో కలిగినను ఒకటి రెండు దినములలో తగ్గిపోవును. ఈ మాట ముందుగనే తల్లికి చెప్పినచో వదంతికి తావుండదు.

ఐదవది సరఫరాలోని చిక్కు. ఒక్క సీసాలో సుమారు ఏబది మోతాదులుండును. తెరచిన సీసాను కొన్ని వారములలోనే వాడవలెను, ఎండ తగులరాదు. పదిమంది పిల్లలున్న లంకలో తెరచిన సీసాను తరువాతి గ్రామమునకు త్వరగా చేర్చనిచో మిగిలిన మందు వృథా యగును.

ఈ యాటంకములను దాటించువారు ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఉపకేంద్రపు నర్సులు. పుట్టిన ప్రతి బిడ్డ పేరును పుస్తకములో వ్రాసికొని, రానివారి యింటికి తామే పోవుటయే వారి విధానము. పడవ దిగి, బురదలో నడచి, పొలమునుండి తల్లి తిరిగివచ్చు సంజవేళకు గుమ్మమున నిలుచు నర్సు చేతిలోని చెంచా, ఒక బిడ్డ చూపును కాపాడగలదు.

అయినను మందు తాత్కాలికమగు రక్ష మాత్రమే. ఆహారమే శాశ్వతమగు రక్ష. డాక్టరు గోపాలన్ ఈ విషయమునే నొక్కి చెప్పిరి. మునగాకు, తోటకూర, పండిన గుమ్మడి, బొప్పాయి, మామిడిపండు మున్నగువానిలోని పదార్థము శరీరములో ఏ-విటమినుగ మారును. అది ఒంటబట్టుటకు కొంచెము నూనె అవసరము. కావున బిడ్డకు పెట్టు ఆకుకూరలో చెంచాడు నూనె చేర్చవలెను. తల్లి మొదట నిచ్చు ముర్రుపాలలో ఈ విటమిను సమృద్ధిగ నుండును. దానిని పారబోయుట బిడ్డ సొత్తును పారబోయుటయే.

చదువనేర్చిన బాలబాలికలు ఈ విషయమున చేయదగిన పని యొకటి కలదు. తమ యింటను ఇరుగుపొరుగుననున్న పసివారి కార్డులను చదివి, తరువాతి మోతాదు ఎప్పుడో పెద్దలకు తెలుపవచ్చును. కార్డును చదువలేని అమ్మమ్మకు అక్షరము నేర్చిన మనుమరాలే కన్ను. ఆ కన్ను సకాలమున తెరచినచో తమ్ముని కన్ను చీకటిపాలు కాదు.