కాలి పిక్క, చింతపిక్క

మోకాలికీ చీలమండకీ మధ్య వెనకవైపు ఉండే కండని పిక్క అంటాం. విత్తనం కూడా పిక్కే. అష్టాచమ్మా ఆడినవాళ్లందరికీ చింతపిక్కలు తెలుసు. పనసపిక్కలు, జీడిపిక్కలు అనడం మాత్రం మా ఉత్తరాంధ్రలో ఎక్కువ. పలాస వైపు వెళ్తే జీడిపిక్కల మాటే వినిపిస్తుంది.

ఈ కండకి ఒక్కో భాష ఒక్కో పోలిక వెతుక్కుంది. డాక్టర్లు వాడే గ్యాస్ట్రోక్నీమియస్ గ్రీకు నుంచి వచ్చింది, 'కాలి పొట్ట' అని అర్థం. సంస్కృతంలో పిండిక, అంటే ముద్దలాంటిది. ఇక్కడ కెనడాలో ఫ్రెంచి మాట్లాడేవాళ్లు 'మొలే' అంటారు. మెత్తన అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. మన మాట వింటే మాత్రం గట్టి గింజ గుర్తొస్తుంది. నడిచి నడిచి బిగిసిన కాలికి అదే సరైన పేరనిపిస్తుంది. పిక్కబలం చూపించాడంటే పరుగు లంకించుకున్నాడనేగా!

ఇక్కడి తెలుగు పిల్లలకి గింజ ఒక్కటే నేర్పుతున్నాం, పుస్తకాల్లో ఉండేది అదే కాబట్టి. అలా పిక్క కాలికే మిగిలిపోతోంది. అందుకే ఇంట్లో పనసపండు కోసినప్పుడు నేను పిక్కలనే అంటాను. మా అమ్మాయి తన కాలు తట్టి చూపిస్తూ "ఇది కూడానా?" అంటుంది.

అది కూడానే, తల్లీ.