దారము సగమైనచో వేగము రెట్టింపగునా?

పై తరగతుల విద్యార్థులు గతిశాస్త్రమున రెండు నిత్యత్వ సూత్రములను చదువుదురు. ఒకటి శక్తి నిత్యత్వము, రెండవది కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వము. వీనిని కంఠస్థము చేయుట కష్టము కాదు. ఏ సూత్రమును ఎచ్చట ప్రయోగింపవలెనో తెలిసికొనుటయే కష్టము. ఈ వివేకము కలుగుటకు విలువగల పరికరము లక్కఱలేదు. ఒక దారము, ఒక సీసపు గుండు, రెండు మేకులు చాలును.

మొదట పదముల యర్థమును చెప్పుకొందము. కదలుచున్నందున వస్తువునకు గల శక్తి గతిజశక్తి. ఎత్తున నున్నందున గల శక్తి స్థితిజశక్తి. లోలకము ఊగునపుడు ఒకటి మఱియొకటిగా మారుచుండును గాని మొత్తము మారదు. ఇక కోణీయ ద్రవ్యవేగమనగా, ఒక కేంద్రము చుట్టు తిరుగు వస్తువు యొక్క ద్రవ్యరాశిని, వేగమును, కేంద్రమునుండి దాని దూరమును గుణింపగా వచ్చు ఫలము. ఆ కేంద్రము చుట్టు వస్తువును త్రిప్పు బలము లేనంతకాలము ఈ ఫలము మారదు. "త్రిప్పు బలము లేనంతకాలము" అను షరతును విద్యార్థులు తఱచుగా విడిచిపెట్టుదురు. ఊగు గుండు కొసకు చేరినపుడు ఒక క్షణము నిలుచును గదా! అప్పుడు దాని కోణీయ ద్రవ్యవేగము సున్న. గుండు బరువే దానిని వెనుకకు త్రిప్పినది. కావున సాధారణ లోలకమునందు ఈ రెండవ సూత్రము ఊపు పొడుగునను వర్తింపదు.

మా తరగతిలో నల్లబల్ల పైభాగమున ఒక మేకు కొట్టి, 100 సెం.మీ. దారముతో గుండును వ్రేలాడగట్టితిమి. గుండు నిలిచిన చోటికి 20 సెం.మీ. ఎత్తున సుద్దతో ఒక అడ్డగీత గీచితిమి. గుండును ఆ గీత వఱకు ప్రక్కకు లాగి విడిచినచో, అడుగునకు వచ్చుసరికి దాని వేగము సెకనునకు సుమారు 198 సెం.మీ. అని లెక్క తేలును. ఆవలిప్రక్క అది దాదాపు గీతనే చేరును. ఇందు వింత లేదు. తరువాత మొదటి మేకునకు సరిగా 50 సెం.మీ. క్రింద రెండవ మేకు కొట్టితిమి. ఇప్పుడు గుండు అడుగునకు వచ్చినపుడు దారము నడుమ ఈ మేకునకు తగులును. అటుపిమ్మట గుండు సగము దారముతోనే పైకెగయవలెను.

గుండును విడువక ముందు, అది ఎంత ఎత్తునకు పోవునో వ్రాయుడని అందఱిని కోరితిని. లెక్కలలో నేర్పరియైన యొక బాలుడు ఇట్లు వ్రాసెను: "దూరము సగమైనది. కోణీయ ద్రవ్యవేగము మారరాదు గనుక వేగము రెట్టింపగును. ఎత్తు వేగము యొక్క వర్గమును బట్టి యుండును గనుక 80 సెం.మీ. ఎత్తునకు చాలిన వేగము కలుగును." గుణకారమున దోషము లేదు. గుండును విడిచితిమి. అది గీతకు కొంచెము దిగువనే నిలిచి మరలెను. ఆ కొఱవడినది గాలి వలనను, మేకు వద్ద ఒఱపిడి వలనను పోయినది.

కారణమేమి? మేకు గుండును తనవైపునకు లాగుకొనలేదు. ఆ క్షణమున గుండు అడ్డముగా పోవుచున్నది; దారపు బిగువు నిలువుగా పైకున్నది. చలనమునకు లంబముగా నున్న బలము దారిని వంచును గాని వేగమును పెంచదు. కావున మేకు తగులక ముందును, తగిలిన తరువాతను వేగము 198 సెం.మీ. యే. మఱి కోణీయ ద్రవ్యవేగమున సగము ఏమైపోయినదని అదే బాలుడు అడిగెను. మంచి ప్రశ్న. ఏమియు పోలేదు. మొదటి మేకునుండి లెక్కించిన దూరము 100, రెండవ మేకునుండి లెక్కించిన 50. రెండవ మేకునుండియే లెక్కించినచో, తగులుటకు ముందు క్షణమునను అది 50 యే గదా! వీధి గుమ్మమునుండి బావికి గల దూరమును, పెరటి గుమ్మమునుండి గల దూరమును పోల్చి, బావి జరిగినదని వాదించిన నెట్లో ఇదియు నట్లే.

ఈ మేకు ప్రయోగము మనము క్రొత్తగా కనిపెట్టినది కాదు. ఇటలీ దేశస్థుడగు గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. మేకును మిక్కిలి క్రిందుగా కొట్టినచో గుండు దానిని దాటి దారమును మేకునకు చుట్టివేయునని కూడ అతడు చెప్పెను. ఆనాటికి "శక్తి" యను భావము శాస్త్రమున నేర్పడలేదు; శక్తి నిత్యత్వము 1840 తరువాత గాని స్థిరపడలేదు. అయినను సారాంశమును అతడు గ్రహించెను.

ఇక రెండవ ప్రయోగము. మేకులు తీసివైచి, పైన నున్నని ఉంగరము నొకదానిని బిగించి, దారమును దానిగుండా పోనిచ్చి కొసను చేత పట్టుకొంటిమి. గుండు అడుగునకు వచ్చినప్పుడెల్ల దారమును చటుక్కున 5 సెం.మీ. లాగి, ఇరుకొసలయందు అంతే విడిచితిమి. ఊపు అంతకంతకు పెద్దదయ్యెను! ఇచ్చట బాలుని సూత్రము సరిగా వర్తించును. అడుగున దారపు బిగువును, గుండు బరువును రెండును ఉంగరము గుండా పోవు నిలువు గీతలోనే యున్నవి. త్రిప్పు బలము లేదు. దూరము 100 నుండి 95 అయినది గనుక వేగము 100/95 వంతు పెరుగును. గతిజశక్తి వేగము యొక్క వర్గమును బట్టి యుండును గనుక సుమారు 11 శాతము హెచ్చును. ఈ శక్తి యెక్కడిది? చేతిది. గుండు వంపుదారిన వేగముగా పోవుచున్నందున అడుగున బిగువు గుండు బరువుకంటె ఎక్కువ. కొసలయందు బరువుకంటె తక్కువ. ఎక్కువ బిగువునకు ఎదురుగా లాగి, తక్కువ బిగువుతో విడుచుచున్నాము. కాబట్టి చేయి ఇచ్చునది హెచ్చు, తిరిగి పొందునది తక్కువ. లాగిన బాలికకు ఈ బిగువు చేతికే తెలిసినది.

ఆకాశమునను ఇట్టి లెక్కయే. జనవరి మొదట భూమి సూర్యునకు సుమారు 14.71 కోట్ల కిలోమీటరుల దూరముననుండి సెకనునకు 30.29 కి.మీ. వేగముతో పోవును. జూలై మొదట దూరము 15.21 కోట్లు, వేగము 29.29. ఈ జంటలను గుణించి చూడుడు. సూర్యుని ఆకర్షణ ఎల్లప్పుడును సూర్యునివైపే యుండుటచే త్రిప్పు బలము లేదు. కెప్లరు 1609లో దీనిని సమాన వైశాల్యముల రూపమున చెప్పెను. న్యూటను 1687లో కారణమును నిరూపించెను. దగ్గఱకు వచ్చినపుడు హెచ్చిన గతిజశక్తి, తగ్గిన స్థితిజశక్తినుండి వచ్చినదే గనుక ఇచ్చట రెండు సూత్రములును చెల్లును.

తలిదండ్రులు దీనిని ఇంటివద్దనే చూడవచ్చును. అట్లతద్దినాడు ఉయ్యాలపై నిలుచుండి ఊగు బాలికలను గమనింపుడు. ఉయ్యాల నడుమకు వచ్చునప్పుడు నిటారుగా లేతురు, కొసలయందు మోకాళ్లు వంచుదురు. ఇది ఉంగరపు ప్రయోగమే. దారమును లాగిన చేతి పని ఇచ్చట కాళ్లు చేయుచున్నవి. తిరుగబడి, కొసలయందు లేచి నడుమ వంగు పిల్లవాని ఉయ్యాల త్వరలోనే నిలిచిపోవును.