జోకరు ముక్కా, దొంగ చిరునామా

గత ఖరీఫ్‌లో విత్తనాలు కొనే రోజుల్లో మా నాన్న ఫోనుకు ఒక సందేశం వచ్చింది. విత్తనాలకు సబ్సిడీ ఇస్తున్నారనీ, కింద ఇచ్చిన వెబ్ చిరునామాలో బ్యాంకు ఖాతా వివరాలు నింపమనీ దాని సారాంశం. నాన్న దాన్ని నాకు పంపి, "ఒరేయ్, కంప్యూటరు చదువుతున్నావు గదా, ఇది అసలుదో నకిలీదో చూసి చెప్పు" అన్నాడు.

నాకు గర్వం వేసింది. చిరునామా మంచిదో కాదో చెప్పే చిన్న ప్రోగ్రాం నేనే రాసుకున్నాను మరి. అందులో పెట్టి చూశాను. "నమ్మవచ్చు" అన్నది. "పర్వాలేదు నాన్నా, నింపు" అన్నాను. తీరా నింపుతుంటే ఓటీపీ అడిగింది. "డబ్బులు ఇచ్చేవాడికి మన ఓటీపీ ఎందుకురా?" అని నాన్న అక్కడే ఆపేశాడు. ఆ ఖాతాలో ఉన్నది ఎరువులకని తెచ్చిన పంట రుణం. దాన్ని కాపాడింది నాన్న అనుమానమే గాని నా ప్రోగ్రాం కాదు. అది ఎందుకు తప్పు చెప్పిందో వెతకగా తెలిసిన సంగతులే ఈ వ్యాసం.

పేకాటలో జోకరు ఏ ముక్క స్థానంలోనైనా చెల్లుతుంది. కంప్యూటరులో నక్షత్రం గుర్తు (*) అలాంటి జోకరే. దాని చోట ఎన్ని అక్షరాలైనా ఉండవచ్చు, అసలు లేకపోనూ వచ్చు. ప్రశ్న గుర్తు (?) మాత్రం సరిగ్గా ఒక్క అక్షరానికే చెల్లుతుంది. 1971 నాటి మొదటి యూనిక్స్‌లోనే ఫైళ్ల పేర్లు వెతకడానికి 'గ్లోబ్' అనే ప్రోగ్రాం ఈ గుర్తులను వాడింది.

యంత్రం పోల్చే పద్ధతి తేలికైనదే. ఒక వేలు నమూనా మీద, ఒక వేలు చిరునామా మీద పెట్టండి. అక్షరాలు కలిస్తే రెండు వేళ్లూ ముందుకు జరుగుతాయి. నక్షత్రం వస్తే ఆ చోటు గుర్తు పెట్టుకొని, అది ఏమీ మింగలేదనుకొని సాగాలి. ముందెక్కడైనా కలవకపోతే వెనక్కి వచ్చి, నక్షత్రం చేత ఇంకొక అక్షరం మింగించి మళ్లీ చూడాలి. చిరునామా అయిపోయేసరికి నమూనా కూడా అయిపోవాలి, లేదా నక్షత్రాలే మిగలాలి.

ఇక నా తప్పు. అసలు పేరెందుకు గాని, మంచి చిరునామా 'రైతు.ఉదాహరణ' అనుకుందాం. నేను రాసిన నమూనా '*రైతు.ఉదాహరణ*'. దొంగవాడి చిరునామా 'రైతు.ఉదాహరణ.లాభం.నమూనా'. చివరి నక్షత్రం ఆ 'లాభం.నమూనా' అంతా మింగి కూర్చుంది!

మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర ఉంటుంది. కవరు మీద ఊరు, మండలం, జిల్లా అని రాసినట్టు, కుడివైపుకు పోయేకొద్దీ పెద్దది వస్తుంది. 'లాభం.నమూనా' కొనుక్కున్నవాడు దాని ముందు ఏ పేరైనా తగిలించుకోవచ్చు. కాబట్టి చివర నక్షత్రం పెట్టడమంటే ఇంటిపేరు ఏదైనా ఫరవాలేదనడమే.

సరే, చివరిది తీసేసి '*రైతు.ఉదాహరణ' అన్నాను. అప్పుడు 'దొంగరైతు.ఉదాహరణ' కూడా లోపలికి వచ్చింది! మధ్యలో చుక్క పెట్టి '*.రైతు.ఉదాహరణ' అంటేనే వాడు ఆగాడు. అయితే ముందేమీ లేని 'రైతు.ఉదాహరణ' కూడా ఆగిపోయింది. దాన్ని విడిగా రాసుకోవలసి వచ్చింది.

ఇంకో చిక్కు ఉంది. 'లాభం.నమూనా/పథకం.రైతు.ఉదాహరణ' అని ఇస్తే? ఏటవాలు గీత తరువాతిది ఇంటి పేరు కాదు, ఇంట్లో గది పేరు మాత్రమే. నక్షత్రానికి ఆ తేడా తెలియదు. అందుచేత ముందు చిరునామాను ముక్కలు చేసి, యజమాని పేరున్న భాగాన్ని మాత్రమే నమూనాతో పోల్చాలి. ముక్కలు చేసే పనికి ప్రతి భాషలోనూ సిద్ధంగా ఉన్న లైబ్రరీ వాడడం మేలు.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు వాడే మిత్రులకు రెండు మాటలు. గణితవేత్త క్లీనీ 1950లలో వేసిన పునాది అది. అక్కడ చుక్కే జోకరు. నిజమైన చుక్క కావాలంటే దాని ముందు వెనువాలు గీత పెట్టాలి. రెండోది, వెనక్కి వచ్చి చూసే పని అదుపు తప్పితే ప్రమాదం. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలో అలాంటి ఒక్క నమూనా సర్వర్ల శక్తినంతా తినేసింది. సుమారు 27 నిమిషాలు ఎన్నో వెబ్‌సైట్లు తెరుచుకోలేదు.

తెలుగులో పేర్లు పెట్టేవారికి మరొకటి. 'రైతు' మన కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో ర, ఐత్వం, త, కొమ్ము కలిసి నాలుగు సంకేతాలు. చాలా ప్రోగ్రాముల్లో రెండు ప్రశ్న గుర్తులు దానికి చాలవు.

నేను మొదట మంచి చిరునామాలు నాలుగు పెట్టి, అన్నీ ఒప్పుకుందని మురిసిపోయాను. ఆపవలసినవాటిని ఆపుతుందో లేదో చూడనేలేదు. ఇప్పుడు దొంగ చిరునామాలు పది రాసుకొని, ముందు వాటితోనే పరీక్షిస్తున్నాను. ఈ మాట ఇంట్లో చెబితే నాన్న నవ్వాడు. "కంచె వేశాక గేదె పట్టే సందుందా అని చుట్టూ తిరిగి చూడమా ఏం? దీనికి కాలేజీ కావాలా?" అన్నాడు.

కావాలేమో మరి. నాకు మాత్రం కాలేజీలో మూడేళ్లు, ఇంట్లో ఒక పూట పట్టింది.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి