రెండు వైపుల పావులు

నారాయణగూడ చౌరస్తాలో బయలుదేరి, వై.ఎం.సి.ఏ. ఆటస్థలమును దాటి, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయమును, త్యాగరాయ గానసభను చూచుకొనుచు అశోక్‌నగర్ వరకు నడచినవారికి, ఈ ప్రాంతమున చదువును, సంగీతమును, ఆటను పోషించినవారిలో జీతము నాశింపక పనిచేసిన పెద్దలు ఎందరుండిరో స్ఫురింపక మానదు. తెలుగులో బాలికలకు ఉన్నతవిద్య దుర్లభమై యుండిన నిజాం పాలనలో, 1928వ సంవత్సరమున, మాడపాటి హనుమంతరావుగారు బాలికల పాఠశాలను నెలకొల్పినది ఈ నారాయణగూడలోనే. అట్టి పరంపర గల చోట, స్వచ్ఛంద సంస్థను నడపువారు ఏ ధర్మమునకు కట్టుబడవలెనను విచారము మిక్కిలి సముచితము.

చదరంగ సంఘమునే తీసికొందము. తెలంగాణలో అమలులో నున్న 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము ననుసరించి, ఏడుగురు కూడి నియమావళి వ్రాసికొనిన సంఘమును రిజిస్టరు చేయింపవచ్చును. ఆదివారపు విశ్రాంతిని వదలుకొని, బల్లలు వేయించి, పిల్లల పేర్లు నమోదుచేసి, పొద్దుపోవువరకు ఫలితములు సరిచూచుటకు ముందుకు వచ్చు ఆ ఏడుగురు సాధారణముగా ఆడుకొను పిల్లల తల్లిదండ్రులో, ఆట నేర్పు గురువులో, బోర్డులును గడియారములును అమ్ము వర్తకులో అయి యుందురు. ఇందు దోషమేమియు లేదు. కోనేరు హంపి 2002లో, పదునైదవ యేట, గ్రాండ్‌మాస్టర్ అయినపుడు ఆమెకు ఆట నేర్పిన గురువు తండ్రియైన అశోక్‌గారే యన్న సంగతి తెలుగువారికి సుపరిచితము. మన చదరంగపు పంటకు తల్లిదండ్రుల వాత్సల్యమే ఎరువు. ఐనను సంఘములో అధికారము చేపట్టిన తండ్రికి గాని గురువుకు గాని ఆ వాత్సల్యమే యొక పరీక్షయగును.

ఒక ఉదాహరణమును ఊహింతము. రాష్ట్రపు పోటీకి ఇద్దరిని పంపవలసి యున్నది. మొదటివాని విషయమున వివాదము లేదు. రెండవ స్థానమున ఇద్దరు పిల్లలు సమానమైన పాయింట్లతో నిలిచిరి. టైబ్రేక్ ఏ పద్ధతిని లెక్కింపవలెనో ముందుగా ఎవ్వరును ప్రకటింపలేదు. తీర్పు చెప్పవలసిన కార్యదర్శి నడపు శిక్షణ కేంద్రమునకు ఆ ఇద్దరిలో ఒకడు నెలనెలా రుసుము చెల్లించు శిష్యుడు. కార్యదర్శి ధర్మాత్ముడే కావచ్చును. కాని శిష్యుని ఎంచినచో పక్షపాతమని లోకమనును. ఆ నిందకు వెరచి రెండవవానిని ఎంచినచో, అర్హుడైన శిష్యునికే అన్యాయము జరుగవచ్చును. ఏ మాట చెప్పినను సందేహము విడువని ఈ స్థితినే పరస్పర విరుద్ధ ప్రయోజనములని పత్రికలు వ్రాయుచున్నవి. లంచము పుచ్చుకొనుట యొక చేత. ఇది ఏ చేతయు జరుగకముందే ఉండు పరిస్థితి. కావుననే “నేను నిజాయతీపరుడను” అను సమాధానము దీనికి చాలదు. గడియారములను కార్యవర్గ సభ్యుని దుకాణముననే కొనుటయు, అధ్యక్షుని బంధువు హాలునే అద్దెకు తీసికొనుటయు, పోటీలో కుమారుడు ఆడుచుండగా తండ్రియే ఆర్బిటరుగా నిలుచుటయు ఈ కోవకే చెందును.

ఈ సూక్ష్మమును మన దేశమునకు విస్పష్టముగా నేర్పినది క్రికెట్టు. భారత క్రికెట్ బోర్డు పదవులలో నున్నవారు ఐపీఎల్ జట్లలో వ్యాపారప్రయోజనము కలిగియుండుటకు వీలు కల్పించుచు 2008లో చేసిన నియమసవరణను, బోర్డు అధ్యక్షుడైన శ్రీనివాసన్ గారి పదవికిని, ఆయన సంస్థకు చెందిన చెన్నై జట్టుకును సంబంధించిన వివాదమున, 2015 జనవరి 22న సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఆ కోర్టే నియమించిన లోధా కమిటీ తరువాత చేసిన సిఫార్సులలో, విరుద్ధత కొన్నియెడల వెల్లడించుటతోనే తొలగుననియు, కొన్నియెడల పదవి వదలిననే గాని తొలగదనియు చేసిన విభాగము మిక్కిలి వివేకవంతమైనది.

మన హైదరాబాదు క్రికెట్ సంఘము 1934లో పుట్టినది. క్లబ్బులు ఓటువేసి కార్యవర్గమును ఎన్నుకొనును. ఆ కార్యవర్గమే క్లబ్బుల వ్యవహారములను నిర్ణయించును. ఒకే వ్యక్తియో, ఒకే కుటుంబమో పెక్కు క్లబ్బులను చేతిలో నుంచుకొన్నచో, ఏలువారును ఏలికను ఎన్నుకొనువారును ఒక్కరే యగుదురు. సుప్రీంకోర్టు 2023లో ఏకసభ్య కమిటీగా నియమించిన జస్టిస్ లావు నాగేశ్వరరావుగారు అదే సంవత్సరమున ఈ కారణముననే 57 క్లబ్బులు సంఘపు ఎన్నికలలో ఓటువేయుటకు అనర్హములని ప్రకటించిరి.

ఇంతకంటెను ఆలోచింపదగినది వి.వి.ఎస్. లక్ష్మణ్ గారి ఉదంతము. మన నగరము గర్వించు ఆ క్రీడాకారుడు బోర్డు క్రికెట్ సలహా సంఘమున ప్రతిఫలము లేని సభ్యుడుగా నుండుచు, సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టునకు మార్గదర్శకుడుగాను ఉండిరి. రెండు బాధ్యతలలో ఒకదానినే ఎంచుకొనవలెనని 2019లో బోర్డు నైతికాధికారి జస్టిస్ డి.కె. జైన్ గారు చెప్పిరి. లక్ష్మణ్ గారి శీలమును ఆ తీర్పు శంకింపలేదు. ఎంతటి సత్పురుషుడైనను, ఎంత ఉచితముగా సేవచేయుచున్నను, నియమము అందరికి నొక్కటే యని మాత్రము అది తెలిపెను. సేవకు జీతము లేదు గనుక ప్రశ్నయు ఉండరాదను భ్రమ మన సంఘములలో బలముగా నున్నది. దానిని వదిలించుకొనుట మనకు శ్రేయస్కరము.

ఇట్లని, ప్రయోజనము గలవారినెల్ల వెళ్లగొట్టినచో చిన్నసంఘమున తలుపు తీయువాడైనను మిగులడు. చేయవలసినది కొంచెమే. పదవి స్వీకరించునాడే ప్రతి సభ్యుడును తన శిక్షణ కేంద్రము, తన వ్యాపారము, ఆటలోనున్న తన బిడ్డలు, వీనిని కాగితముపై వ్రాసి యియ్యవలెను. తనకు సంబంధించిన అంశము చర్చకు వచ్చినపుడు మౌనముగా కూర్చుండుట చాలదు. గది విడిచి వెలుపలికి పోవలెను, పోయినట్లు మినిట్సు పుస్తకమున వ్రాయింపవలెను. ఎంపిక నియమములను మొదటి రౌండునకు ముందే గోడకు అంటింపవలెను. కొనుగోళ్లకు మూడు కొటేషన్లు పిలువవలెను. నిర్ణయము నచ్చనివాడు చెప్పుకొనుటకు, ఆ నిర్ణయముతో సంబంధము లేని పెద్దమనిషి ఒకడు ఉండవలెను.

ఇది పిల్లలకు క్రొత్త కాదు. పోటీలో కూర్చున్న తొమ్మిదేండ్ల బాలిక తన ఎత్తును మాత్రమే కాక, ఎదుటివారి ఎత్తును గూడ తన కాగితముపై వ్రాసికొనును. ఆట ముగిసిన పిమ్మట గెలిచినవారును ఓడినవారును ఇద్దరును సంతకము చేయుదురు. ఆ కాగితమున్నందున ఓడిన బిడ్డ ఏడ్చుచు ఇంటికి పోయినను, మోసపోతినని తలంపదు. మరుసటి ఆదివారము మరల వచ్చి కూర్చుండును. ఆ బిడ్డ మరల రావలెనన్నదే మన కోరికయైనచో, ప్రక్కగదిలో కూడిన పెద్దలును తమ ఎత్తులనెల్ల వ్రాసి, సంతకము చేసి, అడిగినవారికి చూపవలెను.